ఇటీవల చదివిన నవలలు – ఒక సామాన్య పాఠకుని అభిప్రాయాలు

నవలలను గురించి నాలుగు మాటలు చెప్పుటకు పండితుడే కానక్కరలేదు. వండినవారికే గాక తిన్నవారికి కూడ రుచి చెప్పే హక్కు ఉన్నది. నేను విమర్శకుడను కాను. శిల్పము, వస్త్వైక్యము మొదలైన పెద్ద మాటలతో నాకు పరిచయం తక్కువ. తెలుగు, ఉర్దూ రెండును చదువగలిగిన సామాన్య పాఠకుడను మాత్రమే. గడచిన సంవత్సరంలో చదివిన నవలలలో మనసున నిలిచిపోయిన అయిదింటిని గురించి, వాటిని పక్కపక్కన పెట్టి చదివినపుడు కలిగిన ఒక ఆలోచనను గురించి విద్యార్థి మిత్రులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను ముచ్చటించుటయే నా ఉద్దేశము.

మన రెండు భాషలలోను నవల ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే ప్రయోజనం కోసం పుట్టినది. ఉర్దూలో తొలి నవలగా పేర్కొనబడే నజీర్ అహ్మద్ గారి ‘మిరాతుల్ ఉరూస్’ 1869లోను, తెలుగులో కందుకూరి వీరేశలింగం పంతులు గారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లోను వెలువడినవి. ఇద్దరును సంస్కర్తలే. ఇద్దరును ఇల్లు బాగుపడితే లోకం బాగుపడునని నమ్మినవారే. ఒకే ఊరి బావిలోని నీరు రెండు కడవలలో నింపినట్లున్నది ఈ సంగతి.

మొదట చదివినది మీర్జా మొహమ్మద్ హాదీ రుస్వా వ్రాసిన ‘ఉమ్రావ్ జాన్ అదా’. 1899 నాటి నవల. 1981లో చలనచిత్రంగా వచ్చిన తరువాత ఈ పేరు తెలియనివారు లేరు గాని, పుస్తకం తెరిచినవారు తక్కువ. ఫైజాబాదులో అమీరన్ అనే చిన్నపిల్లను, ఆమె తండ్రిమీద పగతో ఒక దుర్మార్గుడు ఎత్తుకుపోయి లక్నోలో అమ్మివేస్తాడు. ఆ పిల్లయే గాయనిగా, కవయిత్రిగా పేరు పొంది తన కథను రచయితకు తానే చెప్పుతుంది. నన్ను ఆకట్టుకొన్నది ఆ చెప్పే తీరు. ఎక్కడా ఏడుపు లేదు, జాలి కోరుట లేదు. చాలా ఏండ్లకు ఫైజాబాదుకు వచ్చి తల్లిని చూచిన ఘట్టంలో సొంత తమ్ముడే ఆమెపై కత్తి దూస్తాడు. ఎత్తుకుపోయినవాడు చేసిన నేరానికి ఎత్తుకుపోబడిన పిల్ల జీవితాంతం శిక్ష అనుభవించవలసి వచ్చినది. పరువు అనే మాటను మనం ఎంత తేలికగా వాడుతున్నామో ఆ పుటలు చదివిన తరువాత తెలిసివచ్చును. లక్నో జీవితాన్ని ఇంత చక్కగా చిత్రించిన రుస్వా కడపటి దినాలలో హైదరాబాదుకు వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైన దారుల్ తర్జుమాలో పనిచేసి, 1931లో ఈ నగరంలోనే కన్నుమూసినాడు. ఆ విధంగా ఆయన మనకు పరాయివాడు కాడు.

పిమ్మట చదివినవి రెండు తెలుగు నవలలు. వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్ళు’. ఆళ్వారుస్వామి గారు పాఠశాల చదువు అంతగా లేకయే స్వయంకృషితో చదువుకొని, దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను తానే మోసుకొనిపోయి అమ్మినవారు. జైలు జీవితం రుచి చూచినవారు. ఆయన నవలలో కంఠీరవం అనే యువకుడు దొర అన్యాయాన్ని ఎదిరించి ప్రజల మనిషి అవుతాడు. కథలో ఉపన్యాసాలు కొంత ఎక్కువైన మాట నిజమే. అయినను రచయిత తాను చూడనిది ఒక్కటి కూడ వ్రాయలేదనే నమ్మకం ప్రతి పుటలోను కలుగుతుంది.

‘చిల్లర దేవుళ్ళు’ 1969లో అచ్చయి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. పొట్ట చేత పట్టుకొని కోస్తా నుండి తెలంగాణ పల్లెకు వచ్చిన ఒక సంగీతకారుని కన్నులతో మనం దేశముఖు గడీని, కరణం ఇంటిని, వెట్టి చాకిరిని, ఆడబాపల దురవస్థను చూస్తాము. దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు అరణంగా వెంట పంపబడే పిల్లకు తనదంటూ ఇల్లు లేదు, మగడు లేడు, మాట లేదు. ఈ ఆచారాన్ని గురించి చరిత్ర పుస్తకంలో ఒక వాక్యం చదివినపుడు కలుగని బాధ ఈ నవలలో కలిగినది. పాత్రలు తెలంగాణ పలుకుబడిలో మాట్లాడుట దీనికి మరొక బలము. దుష్టులు పూర్తిగా దుష్టులుగానే ఉండుట మాత్రం నాకు కొరతగా తోచినది. దొరకు కూడ ఒక్క నిమిషం సందేహం కలిగియుంటే ఆతడు ఇంకను భయంకరంగా కనిపించేవాడేమో!

నాలుగవది జీలానీ బానో గారి ‘ఐవాన్-ఎ-గజల్’. 1976లో వెలువడిన ఈ ఉర్దూ నవల మన హైదరాబాదుదే. ఒక నవాబు గారి దేవిడీ, అందులోని తరాలు, కవితాగోష్ఠులు, అప్పులు, పరదాల చాటున నలిగిపోయే చాంద్, గజల్ వంటి ఆడపిల్లలు ఇందులో ఉన్నారు. పాత్రలు చాలా ఎక్కువ. ఎవరికి ఎవరేమవుతారో గుర్తుంచుకొనుటకు నేను ఒక కాగితంపై వంశవృక్షం వ్రాసికొనవలసి వచ్చినది. ఆ శ్రమ వృథా కాలేదు. గజల్ చెప్పుకొనే ఇంట్లో గజల్ అనే పిల్ల బ్రతుకు ఎందుకు ఎండిపోయినదో రచయిత్రి కోపం లేకుండ, కాని దాపరికం లేకుండ చెప్పినది. తన వర్గాన్ని తానే ఇంత నిర్దాక్షిణ్యంగా పరిశీలించుటకు గుండె ధైర్యం కావలెను.

ఈ నవలను ‘చిల్లర దేవుళ్ళు’ పక్కన పెట్టి చదివినపుడే నాకు అసలు సంగతి తట్టినది. గడీ, దేవిడీ రెండు వేరు లోకాలు కావు. పల్లెలో రైతు చెమటోడ్చి కట్టిన శిస్తే పట్నంలో దేవిడీ దీపాలకు చమురు అయినది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి, 1949లో జాగీర్లు రద్దు కాగానే ఆ చమురు ఇంకిపోయినది. కాని తెలుగు నవలలో ఉర్దూ అనగా చాలవరకు కచేరీ భాష, అమీను భాష, రైతుకు అర్థం కాని కాగితపు భాష. ఉర్దూ నవలలోనో, తెలుగు అనగా నౌకర్ల గొంతు, దూరాన పల్లెలలో రేగిన అలజడి. ఒకే ఇంటి రెండు గదులలో ఇద్దరు కూర్చొని తలుపు సందులోనుండి ఒకరినొకరు చూచినట్లున్నది. తెలుగు నవల మాత్రమే చదివినవానికి దేవిడీలోని స్త్రీ కన్నీరు తెలియదు. ఉర్దూ నవల మాత్రమే చదివినవానికి గడీ ముందు వంగిన నడుము తెలియదు. ఇద్దరికిని తాము చదివినదే పూర్తి చరిత్ర అనిపించును. అపోహలు పుట్టుట ఇక్కడనే.

అయిదవది, గడీలు దేవిడీలు లేని నవల. డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’. 1957లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ధారావాహికగా వెలువడినది. వైద్యురాలైన రచయిత్రి 1961లో చిన్న వయసులోనే మరణించుట తెలుగువారి దురదృష్టము. అద్దె గదులు, చాలీచాలని జీతాలు, చదువుకొంటున్న పిల్లలు, పిరికి ప్రేమలు – ఇది మనందరికీ తెలిసిన లోకమే. ఉద్యోగం చేసి బాధ్యత లేని తండ్రిని పోషించే ఇందిర పాత్ర నన్ను చాలా దినాలు వెంటాడినది. ఆమెను మెచ్చుకొనలేము, తెగనాడలేము. ప్రకాశం వంటి పిరికివానిని చూచి ఆమె జాలిపడుతుందే గాని కుప్పకూలదు. ఆమెను చూచినపుడు నాకు ఉమ్రావ్ జాన్ జ్ఞాపకం వచ్చినది. కాలము వేరు, ఊరు వేరు, వృత్తి వేరు. అయినను తన బ్రతుకు తానే మోసుకొంటూ ఎవరి జాలిని అడుగని స్వభావం ఒక్కటే. లక్నో గాయనియు, విశాఖపట్నం ఉద్యోగినియు ఎదురుపడితే ఒకరినొకరు వెంటనే గుర్తుపట్టెదరని నా విశ్వాసము.

ఇక కమిటీ పెద్దలకు మనవి. మన గ్రంథాలయంలో ఉర్దూ బీరువా, తెలుగు బీరువా పక్కపక్కనే ఉన్నవి. వాటి మధ్య ఉన్నది మూరెడు ఎడమే గాని దానిని దాటినవారు అరుదు. లిపి రాదు అనేది న్యాయమైన కారణమే. అందుకు మందు అనువాదము. కేంద్ర సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్టు భారతీయ భాషల నవలలను పరస్పరం అనువదింపజేసి చవకగా అందించినవి. అటువంటి పుస్తకాలకు మూడవ బీరువా ఒకటి ఏర్పరచవలెను. నెలకు ఒక సాయంకాలం ఉర్దూ విద్యార్థి ఒక ఉర్దూ నవలను తెలుగువారికి, తెలుగు విద్యార్థి ఒక తెలుగు నవలను ఉర్దూవారికి నోటిమాటగా చెప్పే ఏర్పాటు చేసిన చాలును. దీనికి పైకమక్కరలేదు, ఒక గది, ఒక గంట కావలెను.

మిత్రులారా! మన ఈ సంచికలో తెలుగు పుటలు ఎడమ నుండి, ఉర్దూ పుటలు కుడి నుండి మొదలై నడుమ కలుసుకొనుచున్నవి. పుటలు కలిసిన చోటనే చదువరులు ఆగిపోకూడదు. ఆవలి పుట చదువుట రానివారు, చదువ వచ్చిన స్నేహితుని పక్కన కూర్చుండబెట్టుకొని అడిగి తెలిసికొనవలెను. పొరుగువాని ఇంటిలోనికి అనుమతి అడుగకయే ప్రవేశించి, వాని సుఖదుఃఖాలు విని, మర్యాదగా వెలుపలికి రాగల మార్గం నవల ఒక్కటే.