జకాత్‌కు లెక్క చెప్పవలసింది ఎవరు?

పుదుచ్చేరి పట్టణ తీరంలోని కురుచికుప్పం వంటి ఇరుకు పేటలో ఏ ఇంట పొయ్యి రాజలేదో పొరుగింటికి తెలుస్తుంది. అటువంటి చోట పేదను వెదకడానికి ప్రభుత్వ అధికారి అవసరం లేదు. జకాత్‌ను స్థానికంగా వసూలు చేసి స్థానికంగానే పంచాలనే వాదనకు బలం ఇదే. ముఆజ్‌ను యెమెన్‌కు పంపినప్పుడు ప్రవక్త ముహమ్మద్ చెప్పిందీ అదే: అక్కడి ధనికుల నుంచి తీసుకుని అక్కడి పేదలకే ఇవ్వాలి.

అయితే పేద ఎవరో తెలిసినంత మాత్రాన, వసూలైన సొమ్ము ఎంతో, ఎటు వెళ్లిందో తెలిసినట్లు కాదు. వక్ఫ్ ఆస్తులకు 1995 నాటి చట్టం, బోర్డులు, ఆడిట్ ఉన్నాయి. 2025లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు దేశమంతా చర్చించింది. స్తోమత గల ముస్లిం తన మిగులు సంపదలో ఏటా ఇవ్వవలసిన రెండున్నర శాతానికి మాత్రం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు.

అలాగని ప్రభుత్వమే వసూలుకు పూనుకోవడం పరిష్కారం కాదు. పాకిస్థాన్‌లో జియా ఉల్ హక్ ప్రభుత్వం 1980లో బ్యాంకు ఖాతాల నుంచే జకాత్‌ను మినహాయించే పద్ధతి తెచ్చింది. షియాలు ఇస్లామాబాద్‌లో ఆందోళనకు దిగి మినహాయింపు సాధించారు. రంజాన్‌కు ముందే ఖాతాల్లోని సొమ్ము తీసేసుకోవడం పలువురికి అలవాటైంది. విశ్వాసంతో ఇచ్చేది పన్నుగా మారితే తప్పించుకునే దారులు పుడతాయి.

మధ్యేమార్గం హైదరాబాద్‌లో కనిపిస్తుంది. అక్కడ 1992లో ఏర్పడిన హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్, విడివిడి దానాలను ఒకచోట చేర్చి పేదపిల్లల చదువుకు మళ్లించింది. పేటస్థాయి కమిటీలకు అంత యంత్రాంగం అక్కరలేదు. ఎంత వచ్చింది, ఎంత పంచారు, వసూలుకు ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అనే నాలుగు అంకెలు మసీదు నోటీసు బోర్డుపై ఉంటే చాలు.

ఇది మతానికి బయటి నుంచి తెచ్చిన షరతు కాదు. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో వసూలు సిబ్బందినీ ఖురాన్ చేర్చింది. కనుక వసూలు ఖర్చును దాచవలసిన పని లేదు. వసూలుకు వెళ్లి, కొంత తనకు కానుకగా వచ్చిందన్న ఉద్యోగిని, తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త నిలదీసినట్లు హదీసు చెబుతుంది.

దాత పేరు, గ్రహీత పేరు గోప్యంగా ఉండవచ్చు. మొత్తం సొమ్ము గోప్యంగా ఉండరాదు.