ఇల్లు మారేటప్పుడు మొక్కలనూ లెక్కలో వేయండి



ఇల్లు మారేటప్పుడు మంచాలు, బీరువాలు, గిన్నెలు అన్నీ లెక్కపెట్టుకుంటాం. పెరట్లోని మొక్కలు మాత్రం లారీ వచ్చి నిలబడ్డాకే గుర్తుకొస్తాయి. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న తల్లినో తండ్రినో పట్నంలోని ఫ్లాటుకు తీసుకువెళ్లేటప్పుడైతే, "మొక్కలదేముందమ్మా, అక్కడ కొనిస్తాంలే" అంటారు పిల్లలు. ప్రేమతో అన్నా ఆ మాట సరికాదని మా అభిప్రాయం.

మా వార్డులకు వచ్చే పెద్దవారిని "ఇంటి దగ్గర ఏం చేస్తుంటారమ్మా?" అని అడుగుతుంటాం. పెరడు ఉన్నవారు నీళ్లు పోశామని, పాదులు చేశామని, పూలు కోశామని చెబుతారు. పెరడు వదిలి వచ్చినవారిలో చాలామంది "ఏముందమ్మా, కూర్చుంటాను, పడుకుంటాను" అంటారు. బి.పి., షుగరు ఉన్నవారికి రోజూ నడవమని చెప్పి పంపుతాం. కానీ లేచి నడవడానికి ఏదో ఒక పని ఉండాలి కదా! కొత్తచోట నిద్రపట్టక, తిండి సహించక ఉన్నవారికి తమ చేత్తో పెంచిన మల్లె కళ్ల ఎదుట ఉంటే, ఆ ఇల్లు కొంత తమదనిపిస్తుంది.

అన్నీ తీసుకువెళ్లలేం. ఏవి కావాలో పెద్దవారినే అడగండి. కొత్త ఇంట్లో ఎండ ఏ పక్క, ఎంతసేపు పడుతుందో ముందే చూసి రండి. ఎండ రాని బాల్కనీలో మల్లె పూయదు. పాతుకుపోయిన మొక్కను పెకలించే కంటే దాని పిల్లను తయారు చేసుకోవడం మేలు. కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. వానాకాలమైతే మరీ మంచిది. మల్లె తీగను వంచి కణుపు దగ్గర మట్టి కప్పితే వేళ్లు పోస్తుంది. మందార, గోరింట కొమ్మ గుచ్చినా బతుకుతాయి. కరివేపాకు మొదట్లో వచ్చే పిలకను వేరుతో తీసి కుండీలో పెట్టవచ్చు. బంతి, కనకాంబరం గింజలు పొట్లం కట్టుకుంటే చాలు.

నర్సులుగా కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి.

పచ్చగన్నేరును చిన్నపిల్లలున్న ఇంటికి తీసుకురావద్దు. దాని గింజలు తింటే గుండె కొట్టుకోవడం దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది.

కుండీల కింద పళ్లాల్లో నీరు నిలవనీయవద్దు. డెంగ్యూ దోమ గుడ్డు నుండి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. వారానికొకసారి పళ్లెం తోమి ఆరబెట్టండి.

షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా మట్టిలో తిరగవద్దు. ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియకపోవచ్చు. గాయమైతే సబ్బు నీళ్లతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను అవసరమేమో ఆసుపత్రిలో అడగండి.

బరువైన కుండీలు పెద్దవారిచేత మోయించవద్దు. మొక్కలను సామాను మధ్య ఇరికించక, చివరగా ఎక్కించి ముందుగా దించండి.

బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరము 29వ అధ్యాయములో ఉన్నది. అక్కడ ఇళ్లు కట్టుకోవడంతో పాటు తోటలు నాటుకోమని కూడా దేవుడు వారికి చెప్పించాడు. పరాయి నేలపై కుదురుకోవడానికి తోట అవసరమని ఆయనకు తెలుసు. మన ఇంటి పెద్దవారికీ అదే అవసరం. లారీ మాట్లాడే ముందు ఒక సాయంత్రం అమ్మతో కలిసి పెరట్లో తిరగండి. ఏ మొక్క కావాలో ఆమే చూపిస్తుంది.