ఒకవైపే ముక్కు దిబ్బడ

ముక్కు, సైనస్ కణితులు అరుదే. మొదట్లో మామూలు జలుబులాగే కనిపించడం అసలు చిక్కు. ఒక్క రంధ్రమే వారాల తరబడి మూసుకుపోయి, చీమిడిలో నెత్తుటి చార కనబడితే చుక్కల మందుతో కాలం గడపకూడదు. అరుదైన జబ్బుకు అందరికీ పరీక్షలెందుకంటారు. అందరికీ కాదు, ఇలాంటివారికే తిరుపతి రుయాలోనో స్విమ్స్‌లోనో ఎండోస్కోపీ, అవసరమైతే స్కాన్, ముక్క పరీక్ష (బయాప్సీ) చాలు. చెక్కపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది కనుక, శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల కొయ్యబొమ్మల కళాకారులు మరింత జాగ్రత్తపడాలి.

కణితికి ఆపరేషనయ్యాక ఊపిరాడుతుంటే మళ్లీ కూలి పోగొట్టుకుని తనిఖీకి రావడమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఇన్వర్టెడ్ పాపిలోమా అనే కణితి పుట్టినచోట ఎముకను అంటి కాస్త మిగిలినా మళ్లీ మొలుస్తుంది, కొందరిలో క్యాన్సరవుతుంది. వాసన నరాల దగ్గర పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ పదేళ్ల తర్వాతా తిరగబెట్టగలదు. డిశ్చార్జి చీటీపైనే తర్వాతి ఎండోస్కోపీ తేదీ రాసివ్వాలి.