తూకం తప్పితే మలుపూ తప్పుతుంది

పిల్లలాట అని తీసిపారేయడానికి లేదు. అసలు కారులో పదో వంతు ఉండే రేడియో కంట్రోల్డ్ టూరింగ్ కారు బరువు సుమారు 1.3 కిలోలు. నాలుగు చక్రాలకూ మోటారు శక్తి అందుతుంది. తారు ట్రాకు మీద గంటకు 70 కిలోమీటర్లు దాటి దూసుకెళ్లగలదు. పందెం మాత్రం సాధారణంగా 5 నిమిషాలే. ఆ 5 నిమిషాల్లో ఏం జరగబోతోందో చాలావరకు అంతకుముందు బల్ల మీద గంటసేపు సాగే పనే తేల్చేస్తుంది.

జపాన్ కంపెనీ తమియా 1976లో పోర్షే 934 నమూనాతో ఈ రంగంలోకి దిగింది. టూరింగ్ కార్ల జోరు మొదలైంది 1990లలో. తమియా కారుతో జర్మనీకి చెందిన మార్క్ రైనార్డ్ 2004, 2008, 2010లలో ప్రపంచ విజేత అయ్యాడు. వాటిలో 2008 పోటీ జరిగింది బ్యాంకాక్‌లో. ఆ స్థాయి పోటీల్లో మోటార్లు, టైర్లు అందరివీ దాదాపు ఒకటే. తేడా అంతా కారును సరిచేయడంలోనే.

కొత్తగా చేరినవారికి ఎదురయ్యే ఫిర్యాదు ఒకటే. కారు ఎడమకు చక్కగా తిరుగుతుంది, కుడికి మొండికేస్తుంది. లేదా బ్రేకు వేయగానే ఒక పక్కకు లాగుతుంది. వెంటనే కొత్త టైర్లు కొంటారు, ఇంకా బలమైన మోటారు బిగిస్తారు. జబ్బు ఒకచోట, మందు మరోచోట.

నులక మంచం ఒక కోడు పొట్టిదైతే మంచం ఎగుడుదిగుడుగా ఊగుతుంది. ఛాసిస్ మెలితిరిగిన కారుదీ అదే అవస్థ. దీన్నే రేసర్లు 'ట్వీక్' అంటారు. పైనున్న డెక్ స్క్రూలను హెచ్చుతగ్గులుగా బిగించినా, గోడను గుద్దుకున్నా, ఒక స్ప్రింగ్ ఎక్కువ నొక్కుకున్నా ఇది వస్తుంది. కనిపెట్టడానికి పైసా ఖర్చులేని పద్ధతి ఉంది. కారును చదునైన పలక మీద ఉంచి, ముందు భాగం సరిగ్గా మధ్యలో కత్తి మొన పెట్టి మెల్లగా లేపాలి. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే సరే. ఒకటి ముందు లేచిందంటే మెలిక ఉన్నట్టే. ఇదే పనికి అమ్మే ట్వీక్ స్టేషన్‌లో చక్రాల కింద తూగే పలక, దానిపై గాలిబుడగ ఉంటాయి. మేస్త్రీల రసమట్టం గుర్తుకు రాకమానదు.

నాలుగు చక్రాల కిందా నాలుగు చిన్న తూకాలు పెడితే లెక్క ఇంకా స్పష్టం. ముందు ఎడమ చక్రం మీద 330 గ్రాములు, కుడి మీద 310, వెనక ఎడమ మీద 320, కుడి మీద 340 ఉన్నాయనుకుందాం. ఎడమ పక్క 650, కుడి పక్క 650. చూడటానికి అంతా సమానమే. కానీ ఐమూలగా కలిపితే ఒకవైపు 670, రెండోవైపు 630. ఆ 40 గ్రాముల తేడాయే కుడి, ఎడమ మలుపులను వేరు చేస్తుంది. ముందు ఎడమ స్ప్రింగ్ కాలర్‌ను కాస్త వదిలి, కుడిదాన్ని అంతే బిగిస్తే లెక్క కుదురుతుంది. అయితే అసలు మెలిక ఛాసిస్‌లోనే ఉంటే ఇది రోగాన్ని కప్పిపుచ్చడమే. ముందు డెక్ స్క్రూలు వదులు చేసి, కారును పలక మీద చదునుగా అదిమి, మళ్లీ బిగించాలి.

ఎడమ, కుడి బరువులే తేడాగా ఉంటే స్ప్రింగులు ఏమీ చేయలేవు. బ్యాటరీ ఒక పక్క, మోటారు మరో పక్క ఉండే కారులో ఇది మామూలే. బరువైన నికెల్ సెల్స్ స్థానంలో తేలికపాటి లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చాక తేలికైన పక్కన ఇత్తడి, సీసం ముక్కలు అంటించడం తప్పనిసరైంది. ఛాసిస్ మధ్యరేఖ మీద ముందొకటి, వెనకొకటి సూదిమొనలు పెట్టి కారును నిలబెడితే బరువైన పక్క తనంతట తానే ఒరుగుతుంది.

ఇక చక్రాల కోణాలు. స్లొవేకియాలోని ట్రెంచీన్‌కు చెందిన హూడీ వంటి కంపెనీల సెటప్ స్టేషన్‌లో చక్రాలు తీసేసి వాటి స్థానంలో పలకలు బిగిస్తారు. చక్రం పైభాగం లోపలికి ఎంత వాలిందో, అంటే క్యాంబర్ ఎంతో, ముల్లు డిగ్రీల్లో చూపుతుంది. చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగాయా, బయటికా అన్నది 'టో'. చక్రం వ్యాసం 63 మిల్లీమీటర్లే కాబట్టి అర డిగ్రీ తేడా అంటే అంచు దగ్గర దాదాపు అర మిల్లీమీటరు. కంటికి ఆనదు, ట్రాకుకు మాత్రం తెలుస్తుంది. నేలకు, ఛాసిస్‌కు మధ్య ఎత్తును మెట్లు మెట్లుగా ఉండే చిన్న గేజితో కొలుస్తారు. 5 మిల్లీమీటర్ల ఎత్తున్న కారుకు అర మిల్లీమీటరంటే పదో వంతు.

వరస తప్పితే శ్రమంతా వృథా. బ్యాటరీతో సహా అన్నీ బిగించి, యాంటీరోల్ బార్లు విప్పి, మొదట బరువు, తర్వాత ఎత్తు, ఆపైన కోణాలు, చివర ట్వీక్ చూడాలి. బార్లు తగిలించాక మళ్లీ ఒకసారి చూడాలి. ఎత్తు మారితే క్యాంబర్ కూడా మారుతుంది మరి.

అన్నిటికన్నా ముందు కావలసింది చదునైన పలక. వంకర బల్ల మీద ఎంత ఖరీదైన గేజి అయినా అబద్ధమే చెబుతుంది. మందపాటి అద్దమో, నున్నటి గ్రానైట్ ముక్కో చాలు. దాన్ని రసమట్టంతో సరిచూసుకుని, కొలతలు నోటుపుస్తకంలో రాసుకునేవారికి పెద్ద లాభమే ఉంది. కారు రెండు వైపులా ఒకేలా తిరుగుతున్నప్పుడు కూడా మలుపు తప్పుతోందంటే, దిద్దుకోవలసింది రిమోట్ మీదున్న వేలినే.