పిజ్జా ఊళ్లో పిజ్జా... రొట్టె ఊళ్లో రొట్టె!

హైదరాబాద్ నుంచి అహోబిలం బయల్దేరిన కారు నంద్యాల దాటింది. వెనక సీట్లోంచి పిల్లాడి గొంతు... 'డాడీ, ఇక్కడ పిజ్జా దొరకదా?' ముందు సీట్లో ఉన్న తాతయ్యకు నవ్వొచ్చింది. 'ఆళ్లగడ్డకు పోతాంటే పిజ్జా ఏందిరా నాయనా, రొట్టె తిందువులే!'

ఆర్నెల్లు తిరిగేసరికి అదే తాతయ్య డాలస్‌లో కొడుకింట్లో ఉంటాడు. వారాంతంలో కారెక్కించి ఊరు చూపిస్తారు. మధ్యాహ్నమయ్యేసరికి ఈసారి ఆయన గొంతు... 'ఈడ యాడన్నా రొట్టె దొరుకుతాదా?' అప్పుడు నవ్వడం మనవడి వంతు.

ఇద్దరూ అడిగింది ఒకటే. ఊరు కాని ఊళ్లో నమ్మకంగా తినేదేమిటి? ఇద్దరికీ జవాబు కూడా ఒకటే. ఎక్కడ ఏది పుట్టిందో అక్కడ అది తినాలి. మరి దాన్ని మంచిచోట తినడమెలా? ముందు పిజ్జా సంగతి చూద్దాం. మనవాళ్లు దేశం కాని దేశంలో ఎక్కువగా తడబడేది దాని దగ్గరే.

పిజ్జా పుట్టిల్లు ఇటలీలోని నేపుల్స్. రాజుల వంటేం కాదు, రేవులో మూటలు మోసేవాళ్లూ వీధుల్లో తిరిగేవాళ్లూ నిలబడి తినేసి పోయే పేదల రొట్టె. 1889లో మార్గరీటా రాణి ఆ ఊరొచ్చినప్పుడు టమాటా ఎరుపు, చీజ్ తెలుపు, తులసిజాతి ఆకు పచ్చదనంతో జెండా రంగుల్లో ఓ పిజ్జా చేసిపెట్టారనీ, దానికి ఆమె పేరే స్థిరపడిందనీ చెబుతారు. చరిత్రకారులు కొందరు ఈ కథను పూర్తిగా నమ్మరనుకోండి. పేరు మాత్రం నిలిచింది. 1984లో అక్కడివాళ్లు సంఘం పెట్టుకుని, అసలు నేపుల్స్ పిజ్జా ఎలా ఉండాలో రూళ్లు రాసుకున్నారు. పిండి చేత్తోనే సాగదీయాలి, కట్టెల పొయ్యిలోనే కాల్చాలి... ఇలా! ఆ పొయ్యి ఎంత వేడంటే, పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో బయటికొచ్చేస్తుంది. ఆ చేతిపనిని 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

నేపుల్స్ వెళ్లే అవకాశమొస్తే 1870 నాటి 'డా మికేలే' చూడదగ్గది. ఏళ్ల తరబడి అక్కడ ప్రధానంగా అమ్మింది రెండు రకాలే, మార్గరీటా, మరినారా. రెండోదాంట్లో చీజ్ ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, నూనె... అంతే. చీజ్ పడనివాళ్లకూ, చీజ్‌లో ఏం కలుస్తుందోనని అనుమానమున్నవాళ్లకూ నిశ్చింతగా తినగలిగేది ఇదే. ఆ అనుమానం ఉత్తుత్తిది కాదు కూడా! ఇటలీ సంప్రదాయపు పార్మెజాన్ చీజ్‌లో పాలు విరవడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు. కచ్చితమైన శాకాహారులు అడిగి తీసుకోవడం మంచిది. అమెరికాలో అయితే 'వెజిటేరియన్ రెన్నెట్' వాడిన చీజేనా అంటే చాలాచోట్ల చెబుతారు.

ఇంకో తిరకాసుంది. అమెరికాలో 'పెపరోనీ' అంటే మాంసం. పంది, గొడ్డు మాంసాలతో చేసిన కారపు సాసేజ్ ముక్కలు. ఇటలీలో అదే శబ్దానికి దగ్గరగా ఉన్న 'పెపెరోనీ' అంటే క్యాప్సికం! అమెరికాలో భయపడినవాళ్లు ఇటలీలో క్యాప్సికం వదిలేసుకుంటారు. ఇటలీలో అలవాటైనవాళ్లు అమెరికాలో... చెప్పక్కర్లేదుగా!

ఇటలీలో పిజ్జా కోసి తీసుకురారు. ఒక్కొక్కరికి ఒక్కోటి, కత్తీ ఫోర్కూ మనమే పట్టాలి. లేదా నాలుగు మడతలు పెట్టి వీధిలోనే తినొచ్చు, అదీ అక్కడి పద్ధతే. నడుమ కాస్త తడిగా ఉంటుంది. 'ఉడకలేదు, వెనక్కి పంపు' అనకండి. అంచున నల్లమచ్చలుంటాయి. 'మాడ్చేశారు' అనీ అనకండి. జొన్నరొట్టె మీద మచ్చల్లేకపోతే కాల్లేదనేవాళ్లం మనమే కదా! చాలా పిజ్జా హోటళ్లు సాయంత్రం ఏడు దాటితేగానీ పొయ్యి రాజెయ్యవు. నాలుగింటికి ఆకలేస్తే బేకరీల్లో తూకానికి కోసిచ్చే ముక్కలే గతి, రోమ్‌లో అవీ బాగుంటాయి. బిల్లులో 'కొపెర్తో' అని ఉంటే మోసం కాదు, కూర్చున్నందుకు తలకింత. కారం చాలకపోతే మిరపకాయలు నానేసిన నూనె అడగండి. సీమ నాలుకకు అది కొంత ఊరట. అయినా కారప్పొడి పొట్లం సూట్‌కేసులో పెట్టుకెళ్లే అత్తయ్యలను ఎవరాపగలరు!

అమెరికా పిజ్జా మరో జాతి. నేపుల్స్ నుంచి వలసెళ్లినవాళ్లు తీసుకెళ్లిందే. న్యూయార్క్‌లో 'లొంబార్డీస్' 1905 నాటి పేరు. ఆ ఊరి పిజ్జా పెద్దది, పల్చనిది, ముక్కను మడిచి తింటారు. షికాగోది లోతైన గిన్నెలో చేసే మందపాటిది. అది ఉడకడానికి అరగంట పైమాటే కాబట్టి పెద్దవాళ్లకు షుగరుంటే ఆకలిమీద తీసుకెళ్లకపోవడం మేలు. మన దేశంలోకి పెద్ద కంపెనీల పిజ్జాలొచ్చింది 1996లో. పనీర్, మొక్కజొన్న గింజలేసుకుని మన పిల్లలు 'పిజ్జా' అనుకునేది దీన్నే. నంద్యాల లాంటి పట్టణంలో దొరికేదీ ఇలాంటిదే. తప్పేం లేదు. కానీ దానికోసం ఆళ్లగడ్డ దారిలో కారాపడం, తిరుపతెళ్లి బయట కొన్న లడ్డూ తిన్నట్టు.

అదేంటంటే, ఈ దారికీ నేపుల్స్ లాంటి ఓ రొట్టె ఉంది!

నంద్యాల, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ... కుందూ నది పారే నల్లరేగడి సీమ. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది గానీ అంతకుముందంతా కర్నూలు జిల్లానే. ఈ నేలకు జొన్న, కొర్ర పాత చుట్టాలు. నంద్యాలలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906 నాటిది. అక్కడ పుట్టిన జొన్న రకాలకు 'నంద్యాల తెల్లజొన్న' అనే పేరు పెట్టారు. కొర్రలోనూ అక్కడి రకాలు పేరుపడ్డాయి. అంటే ఈ రొట్టెకు ఊరిపేరున్న విత్తనమే ఉంది. నేపుల్స్‌కు అంతకంటే ఏముంది?

పిజ్జా చేసేవాడికి లేని కష్టం రొట్టె చేసే అవ్వకుంది. గోధుమ పిండికి సాగే గుణముంటుంది, గాల్లోకి ఎగరేసినా తెగదు. జొన్నపిండికి ఆ జిగురు లేదు. అందుకే మరిగే నీళ్లు పోసి కలపాలి. ఎప్పటి పిండి అప్పుడే పిసకాలి. తపతపా అరచేత్తో తడుతూ, తిప్పుతూ పల్చన చెయ్యాలి. అంచు చీలితే మళ్లీ మొదటికే. పెనమ్మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు రాయాలి, తిరగేయాలి, చివర్లో నిప్పులమీద పెడితే పూరీలా పొంగాలి. పిండి పాతదైతే చేదొస్తుంది, రొట్టె విరిగిపోతుంది. కాబట్టి మంచి రొట్టె హోటలుకు మొదటి గుర్తు బోర్డు కాదు, చప్పుడు. లోపల్నుంచి ఆ తపతపలు వినిపిస్తున్నాయా, ఆగండి. హాట్‌బాక్సులోంచి తీసిస్తున్నారా, టీ తాగి బయల్దేరండి.

రొట్టెలోకి వేరుసెనగ పచ్చడి, అదే ఊరిబిండి. రోట్లో కచ్చాపచ్చాగా నూరింది కావాలి. మిక్సీలో మెత్తగా తిప్పితే అది దోసె చట్నీ అయిపోతుంది. పక్కన గుత్తివంకాయో, ఆకుకూర పప్పో, పచ్చి ఉల్లిపాయో ఉంటే చాలు. తమాషా ఏమిటంటే, నేపుల్స్ వాడి టమాటా అమెరికా ఖండం నుంచే వచ్చింది. మన ఊరిబిండిలోని వేరుసెనగా, మిరపకాయా అక్కణ్నుంచే. జొన్నేమో ఆఫ్రికా నుంచి, ఎన్ని వేల ఏళ్ల కిందటో! 'మాదే అసలు' అని కొట్లాడుకునే రెండు ఊళ్ల పళ్లేల్లోనూ ఒకే ఓడల సరుకుంది.

పొద్దున్నే ఈ దారిన పోతుంటే మాత్రం రొట్టె అడక్కండి, అది మధ్యాహ్నం, రాత్రి సరుకు. పొద్దున ఉగ్గాని. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తిరగమోతలో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే ఉగ్గాని సగమే. పదింటికల్లా ఖాళీ అయిపోతుంది. పది దాటాక కూడా 'వేడిగా ఉంది' అంటే అది ఎప్పుడో చేసి మళ్లీ వేడిచేసిందే. సంగటీ నాటుకోడీ కావాలంటే గంట ముందే ఫోన్ చేసి చెప్పాలి. అయిదు నిమిషాల్లో పళ్లెంలోకొచ్చిన నాటుకోడిని అనుమానించడం ధర్మం. అదీ కొండ దిగి తిరుగు ప్రయాణంలో. పోయేటప్పుడు చాలామంది ముట్టరు.

స్థానికుల బండ్లు ఎక్కడాగితే అక్కడ తినమనేది పాత చిట్కా. కర్నూలు జిల్లా బండ్లకు ఏపీ 21 ఉండేది, చూడగానే తెలిసిపోయేది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వరస వచ్చాక ఆ చిట్కా సగం చెడింది. ఇప్పుడు చూడాల్సింది ట్రాక్టర్లను! ట్రాక్టరు ఆగిన హోటల్లో భోజనం పొలం పనివాళ్ల ఆకలికి వండింది.

ఇక ఉయ్యాలవాడ. 2019లో 'సైరా' సినిమా వచ్చాక పేరు విననివాళ్లు లేరు. 1846లో ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడిన నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆ కథ తెలిసి ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్లు అక్కడ పెద్ద హోటళ్లుంటాయనుకుంటే పొరపాటు. వ్యవసాయం చేసుకునే ఊరది. కోయిలకుంట్లలోనో ఆళ్లగడ్డలోనో తిని వెళ్లాలి.

కానీ తిండి గురించి మాట్లాడుకునేవాళ్లు ఆ ఊరిని దాటిపోకూడదు. నరసింహారెడ్డి తర్వాత ఆ ఊరికి ఇంకో పేరుంది, బుడ్డా వెంగళరెడ్డి. పంతొమ్మిదో శతాబ్దంలో సీమను కరువు పీల్చేసినప్పుడు, ఊళ్లు వదిలి నడుస్తూ వచ్చినవాళ్లందరికీ ఆయన గంజి కాచి పోయించాడు. తన గాదెల్లో ధాన్యం తీసి వేలమందిని బతికించాడు. ఆ సంగతి లండన్‌దాకా పోయి విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. జానపదులు ఆయన మీద పాటలు కట్టుకున్నారు. అప్పట్లో బాటసారి అంటే కారులో వచ్చే యాత్రికుడు కాదు, ఆకలితో కాళ్లీడ్చుకుంటూ వచ్చినవాడు. అతనికి 'ఎక్కడ తినాలి' అన్నదానికి దొరికిన జవాబు ఉయ్యాలవాడ. కంపెనీని ఎదిరించినవాడూ, కంపెనీ దొరల రాణి మెచ్చినవాడూ ఒకే ఊరి పేరుతో ముడిపడటం చరిత్ర చేసే తమాషా.

ఈ సీమలో పెట్టే చెయ్యి ఇప్పటికీ ఉంది, హోటల్లో కంటే ఇళ్లల్లో ఎక్కువగా! కనుమ నుంచి నలభై రోజులకు పైగా అహోబిలం స్వామే పారువేట పేరుతో ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి పిలవడానికొస్తాడని నమ్మకం. స్వామి మకాం వేసిన ఊరికి ఆరోజు బంధువులు, వచ్చేపోయేవాళ్లు. ఆ రోజుల్లో ఈ దారిన వెళ్తే 'యాడికి పోతాండారు, తిని పోండి' అనే పిలుపు వినబడొచ్చు. మొహమాటపడకండి.

ఎండాకాలమైతే బనగానపల్లె మీదుగా చుట్టు తిరిగినా నష్టంలేదు. ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాగంటి అక్కడికి దగ్గరే. మహానంది వైపెళ్తే దారిపొడవునా అరటి తోటలు, గెలకు బేరమాడొచ్చు.

చివరికి అహోబిలం. దిగువ అహోబిలంలో అన్నదాన సత్రాలున్నాయి, మధ్యాహ్నం వేళకు వెళ్తే ఆకలి తీరుతుంది. ఎగువకు ఎనిమిది కిలోమీటర్లు. అక్కడి నుంచి జ్వాలా నరసింహుడి దగ్గరకు, ఉగ్రస్తంభానికి నడకే. అడవిలో హోటలుండదు, కోతులుంటాయి. పొద్దున్నే బయల్దేరి, నీళ్లు పట్టుకుని, ఆళ్లగడ్డలో ముందురోజు రాత్రే రొట్టెలు కట్టించుకోండి. తడిగుడ్డలో కాదు, పొడిగుడ్డలో. గట్టిపడినా ఊరిబిండిలో ముంచితే మెత్తబడుతుంది. సంచి మాత్రం చేతికి వేలాడదీయకుండా వీపుకు తగిలించుకోవాలి. ఆ కొండమీద కోతులకు జొన్నరొట్టెకీ పిజ్జాకీ తేడా తెలీదు!