తూము క్రింది నీరు చేపలది

సికిందరాబాదులో రాంగోపాల్‌పేట చేపల బజారునకు మృగశిర కార్తె దినములలో పోయినవారికి ఒక విషయము కంటబడక మానదు. బొచ్చె, రవ్వ, మృగాల జాతులు మంచుగడ్డల మీద నిర్జీవములై పడియుండును. వాని ప్రక్కనే తొట్టిలో, జానెడు లోతు నీటిలో, కొఱ్ఱమీనులు ఒకదానినొకటి త్రోసికొనుచు బ్రదికియుండును. బేరగాండ్రు దీనిని జాతిగుణమని చెప్పి యూరకుందురు. ఆ గుణమేమో విచారించినచో, ప్రతి వేసవియందును మన చెఱువులలో కలుగుచున్న నష్టమునకు కారణము అందే దొరకును. ఆ కారణమును సంఘసభ్యుల యెదుట నుంచి, చేయవలసిన దానిని గూర్చి నా యభిప్రాయమును చెప్పదలచితిని. అది కొందఱు రైతులకు రుచింపకపోవచ్చును.

చైత్ర వైశాఖములలో ఒకనాటి వేకువను చెఱువునిండ చేపలు తెల్లని కడుపులు పైకి త్రిప్పి తేలును. ఊరిలో మొదట వినవచ్చు మాట 'ఎవరో మందు కలిపినారు' అనునదే. బెస్తవారు ఆయకట్టు రైతులను శంకింతురు. రైతులు తమ పాలివారిని శంకింతురు. గుత్తపాటలో ఓడినవానిని అందఱును శంకింతురు. పిదప పంచాయతీ, ఠాణా, వకీలు. చెఱువునే నమ్ముకొన్న కుటుంబములకు ఏడాది రాబడి యొక్క రాత్రిలో పోవుటయేగాక, ఊరిలో వైరము మిగిలిపోవును. విషము కలిపిన సందర్భములు లేకపోలేదు. వానిని గుర్తించు విధమును క్రింద వ్రాసెదను. కాని వేసవి వేకువను జరుగు చావులలో పెక్కింటికి కారణము చేపలకు ఊపిరాడకపోవుటయే యని నా నిశ్చయము.

మన శరీరపు వేడి మాఘమాసపు చలిలోను రోహిణి యెండలోను ఇంచుమించుగ ఒక్కటియే. చేప అట్టిది కాదు. నీటి వేడియే దాని వేడి. నీరు 10 డిగ్రీలు హెచ్చుగ కాగినచో, చేప శరీరములోని జీవక్రియ సుమారు రెండింతలగును. ఆహారమును కరగించి శక్తిగ మార్చు ఆ పనికంతటికిని ప్రాణవాయువు కావలెను. అనగా వేసవిలో చేప అక్కఱ పెరుగును. చిక్కేమనగా, అదే సమయమున నీటి దానశక్తి తగ్గును. 20 డిగ్రీల వేడిగల ఒక లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగును. 35 డిగ్రీలకు ఏడైనను ఉండదు. మనము పీల్చు గాలి ఒక లీటరులో సుమారు 270 మిల్లీగ్రాములున్నదని తెలిసినచో, చేప ఎంత బీదయింట కాపురము చేయుచున్నదో బోధపడును. పైగా నీరు గాలికంటె సుమారు 800 రెట్లు బరువు. అంత బరువును నిరంతరము మొప్పలగుండ నెట్టుటయే చేపకు ఒక కూలిపని.

ఇట్టి యిక్కట్టులో చేప వెంటనే చావదు. కఱవునాట తెలివిగల గృహస్థు చేయునట్లు ఆదాయమును పెంచుకొన జూచును, వ్యయమును కుదించుకొనును. మొదట మొప్పలను వడివడిగ ఆడించి, ఎక్కువ నీటిని వానిగుండ పోనిచ్చును. గుండె నెమ్మదించి, ఒక్కొక్క పోటునకు ఎక్కువ నెత్తురును పంపును. ప్లీహమునందు నిలువయున్న ఎఱ్ఱకణములు నెత్తురులోనికి వచ్చును. ఈ యుపాయములచే కొంతవఱకు, నీటిలో ప్రాణవాయువు తగ్గినను శరీరమునకు అందవలసినది అందుచునే యుండును. ఆ మేర దాటిన పిదప వ్యయమును తగ్గింపక తప్పదు. చేప ఈదుట మానును, మేత మానును, పెరుగుట మానును. ఎడ్రినలిన్, కార్టిసాల్ అను రసములు నెత్తురులో హెచ్చి, కాలేయమునందు దాచియున్న పిండిపదార్థమును చక్కెరగ మార్చి బయటికి తీయును. ఐగుప్తు దేశమున యోసేపు నింపించిన కొట్లు కఱవు వచ్చినప్పుడు తెఱువబడినట్లే యిది. కాని యోసేపు కొట్లు ఏడేండ్లకు చాలినవి. మన బొచ్చె చేప కొట్టు కొన్ని గంటలకు మాత్రమే. ప్రాణవాయువు లేకుండ ఆ చక్కెరను వాడుకొన్నప్పుడు కండలలో లాక్టికామ్లము అను పులుపు పేరుకొనును. అది మితిమీరినచో పిదప మంచినీరు దొరకినను చేప కోలుకొనుట కష్టము. కట్లజాతి చేపలకు లీటరునకు 5 మిల్లీగ్రాములున్న సుఖము. మూడునకు దిగిన బాధ. ఒకటికి దిగినచో ప్రాణాంతకము.

లోకములో ఇంతకంటె గట్టి చేపలున్నవి. చలిదేశములలో మంచు క్రింద నెలల తరబడి ప్రాణవాయువు లేక బ్రదుకు ఒక కార్పు జాతియు, దాని దాయాదియగు బంగారుచేపయు ఆ పులుపును సారాయిగ మార్చి మొప్పలగుండ వెలికి విడుచును. బంగారుచేపయందలి ఈ వింతను పండితులు 1980లో ప్రకటించిరి. ఆఫ్రికాలో ఊపిరితిత్తులుగల చేప ఒకటి చెఱువెండినప్పుడు బురదలో గూడు కట్టుకొని, జీవక్రియను మిక్కిలి తగ్గించి నిద్రించును. మన రవ్వకు, బొచ్చెకు ఈ విద్యలేవియు లేవు. కొఱ్ఱమీనునకు, మార్పు చేపకు వేఱొక విద్య కలదు. తలలో మొప్పలకు పైన గాలి పీల్చుకొను భాగ మొకటి యున్నది. నీరు చెడినప్పుడు పైకి వచ్చి గాలిని మ్రింగి పోవును. సికిందరాబాదు తొట్టిలోని కొఱ్ఱమీను బ్రదికియుండుట కిదియే మర్మము.

ఇక వేకువజామునే చేపలేల చచ్చునో చూడుడు. పగటివేళ నీటిలోని పచ్చని పాచి సూర్యరశ్మిచే ప్రాణవాయువును పుట్టించును. రాత్రి అదియు చేపతోపాటు దానిని పీల్చునదియే. అడుగున క్రుళ్లుచున్న ఆకు, పేడ, బురద కూడ పీల్చును. కావున తెల్లవాఱుటకు ముందు నీరు అత్యంత దరిద్రస్థితిలో నుండును. ముందటిదినము మబ్బు పట్టియున్నచో మఱింత దరిద్రము. తొలకరి కూడ ఒక్కొక్కప్పుడు యముడే యగును. ఉక్కపోత దినముల తరువాత జల్లు పడి గాలి వీచినప్పుడు, అడుగున కదలక పడియున్న కుళ్లునీరు పైనీటితో కలియును. మనము వానవచ్చినదని సంతోషించి నిద్రించు రాత్రియే చెఱువులో చేపలు చచ్చుట ఇందువలననే.

విషమును దీనిని వేఱుపఱచుటకు కొన్ని గుర్తులు గలవు. ఊపిరాడక చచ్చునప్పుడు చేపలు ముందుగ నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. పెద్దవి ముందు పోవును. కొఱ్ఱమీనులు, కప్పలు బ్రదికియుండును. ప్రొద్దెక్కిన కొలది చావు తగ్గును. విషమైనచో వేళతో పనిలేదు. చిన్న పెద్ద భేదములేక చచ్చును, గాలి పీల్చు చేపలును నీటిపురుగులును కూడ చచ్చును. అట్టిచోట నీటిని సీసాలో పట్టి, చేపను మంచులో నుంచి, ఆలసింపక మత్స్యశాఖవారికి అందజేయవలెను. పురుగుమందుల విషయమున రైతులకు నిర్లక్ష్యము తగదు. చేపలకు మిక్కిలి హానికరమైన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించినది. సైపర్‌మెత్రిన్ వంటివి కూడ చేపలకు స్వల్పమాత్రములోనే ప్రాణాంతకములు. స్ప్రేయరును చెఱువు కాలువలో కడుగువాడు పొరుగువానిపై నేరము మోపుటకు అర్హుడు కాడు.

ఇప్పుడు నా యభిప్రాయమునకు వచ్చుచున్నాను. 2015లో మొదలైన మిషన్ కాకతీయచే పెక్కు చెఱువులలో పూడిక తీయబడినది. 2016 నుండి ప్రభుత్వము చెఱువులకు చేపపిల్లలను ఉచితముగ నిచ్చు పద్ధతి ప్రారంభమైనది. రెండును మంచి పనులే. కాని పిల్లలను విడుచునప్పుడు నిండుచెఱువును చూచి విడుతుము. అవి పెద్దవగునప్పటికి చెఱువు మడుగై మిగులును. తూము మట్టమునకు నీరు దిగిన పిదప తూము పాఱదు. అప్పుడు మోటారులను, ఆయిలింజనులను చెఱువు గర్భములోనికి దింపి, అడుగునీటిని కూడ తోడుచున్నారు. లెక్క చూడుడు. ఎకరము విస్తీర్ణములో ఒక అడుగు నీరనగా 12 లక్షల 33 వేల లీటర్లు. 30 డిగ్రీల వేడిలో, నీరు సంతృప్తిగ నున్నను, అందున్న ప్రాణవాయువు సుమారు 9 కిలోగ్రాములు. నాలుగడుగులున్నచో 37 కిలోగ్రాములు. రాత్రియంతయు చేపలు, పాచి, బురద పీల్చుకొనుటకు ఉన్న పెట్టుబడి యింతే. మనము మూడడుగులు తోడినప్పుడు నీటిని మాత్రమే తోడలేదు. ఆ పెట్టుబడిలో ముప్పాతిక పాలు తోడినాము. మిగిలిన నీరు పలుచనై త్వరగ కాగును, గనుక చేప అక్కఱయు పెరుగును.

కాబట్టి తూము మట్టమునకు దిగువ నున్న నీరు చేపలదని ఊరు అంగీకరింపవలెను. ఉగాది మొదలు చెఱువులోనికి క్రొత్తనీరు వచ్చువఱకు అందులో మోటారు పెట్టరాదు. 'కంకి మీద నున్న వరి యెండిపోవుచుండగ చేపలను చూచుకొమ్మందురా?' యని రైతు అడుగును. న్యాయమైన ప్రశ్న. నేను వ్యవసాయ ప్రదర్శకుడను, రైతు పక్షము వాడనే. అయితే వైశాఖములో అడుగునీటికి అఱచు వరి సామాన్యముగ ఆలస్యముగ నాటిన వరి. యాసంగి నాట్లు జనవరి నెలలో ముగించి, స్వల్పకాలిక రకము వేసినవానికి ఏప్రిలు నెలాఖరునకు కోత వచ్చును. చెఱువు నీటిని కొలిచి ఎకరములను నిర్ణయింపక, ఎకరములను నాటి పిదప నీటిని వెదకుట మన దురలవాటు. దాని శిక్షను బెస్తవాడు అనుభవింపనేల?

మత్స్య సహకార సంఘములకు కూడ ఒకమాట. చేప ఇంకను బరువు తూగునని ఆశపడి మే నెలవఱకు వల వేయకుండుట జూదము. మార్చి ముగియులోపల పెద్దచేపలను పట్టి అమ్మినచో, మిగిలిన వానికి ఊపిరి మిగులును. చేపలు నీరసించినవని తవుడు, తెలకపిండి ఎక్కువగ చల్లుట మఱొక పొరపాటు. మేతను అరిగించుకొనుటకే చేపకు అదనముగ ప్రాణవాయువు కావలెను. మిగిలిన మేత అడుగున క్రుళ్లి మఱికొంత హరించును. వేకువను చేపలు నోళ్లు తెఱచిన దినమున మేతయు పేడయు పూర్తిగ మానవలెను. ఆ యాపదలో మోటారే వైద్యుడు కాగలదు. దాని గొట్టమును చేను వైపు కాక చెఱువు వైపే త్రిప్పి, నీరు ఎత్తునుండి ధారగ చెఱువులోనే పడునట్లు తెల్లవాఱు మూడు గంటలకు నడిపినచో నీరు గాలిని కలుపుకొనును. కైకలూరు, ఆకివీడు ప్రాంతముల చేపల రైతులు చక్రములుగల యంత్రములచే చేయించునది ఈ పనియే.

కొఱ్ఱమీను 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగ ప్రకటింపబడినది గనుక దానినే అంతటను పెంచుదమని కొందఱందురు. నాకు సమ్మతము కాదు. అది చిన్నచేపలను తిను జాతి, తవుడుతో పెరుగదు. అదియును అజేయము కాదు. 1988లో మన దేశమున ప్రవేశించిన పుండ్ల వ్యాధి కొఱ్ఱమీనులనే మిక్కిలి బాధించినది. గాలి పీల్చు చేప యున్నదను ధైర్యముతో నీటిని పాడుచేయరాదు. నీరు సమృద్ధిగ నున్నను మురుగు చేరినచో ఏమగునో సికిందరాబాదు వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1562లో త్రవ్వించిన హుస్సేన్ సాగరము వారి కన్నుల యెదుట నున్నది. నగరపు నాలాలు తెచ్చు కుళ్లు తన నాశనమునకై ప్రాణవాయువును తినివేయును. పల్లెల మురుగుకాలువలు కూడ నేడు చెఱువువైపే త్రిప్పబడుచున్నవి.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదని కార్యవర్గమును కోరుచున్నాను. ఆయకట్టు రైతులును మత్స్యసంఘమువారును కూడి యొక తీర్మానము వ్రాసికొని, గుత్త కాగితములో కూడ దానిని చేర్పింపవలెను. తూము మట్టమున కట్టకు ఒక రాతిని పాతి సున్నము పూసినచో, నీరు ఆ గుర్తుకు దిగినదినమును నీరడియే చూచి చాటింపగలడు. వేకువను చెఱువును చూచివచ్చు పనికి వేసవి మూడు నెలలును అతనికి కొంత కూలిని రెండు సంఘములును చెఱిసగము భరింపవచ్చును.