వదంతియు వజ్రాయుధమును

2025 ఏప్రిల్ 13వ తేదీన కర్నూలు పరీక్షాక్షేత్రమున మన రక్షణశాస్త్రజ్ఞులు 30 కిలోవాట్ల లేజరు కిరణముతో డ్రోనులను ఆకాశముననే కూల్చి చూపిరి. జొన్నయు కొఱ్ఱయు పండుటయే గగనమైన మెట్టసీమ ఇట్టి విద్యకు నెలవైనందులకు మేము గర్వించుచున్నాము. అయినను, ఆయుధమొక్కటియే శత్రువును నిలుపగలదను భ్రమను మేమంగీకరింపము.

ఎదుటివాడు మన బలమును నిజముగ నెఱిగి వెనుకాడినప్పుడే యుద్ధము తప్పును. వానికి చేరినది అబద్ధమైనచో, వాని అడుగు తప్పుటడుగే యగును. 1962 నాటి క్యూబా సంకటమున అమెరికా, సోవియట్టు ప్రభుత్వములు ఈ సత్యమును గుర్తించినవి. మరుసటి యేడే వాషింగ్టను, మాస్కోల నడుమ ప్రత్యేక తంతిమార్గము నేర్పరచుకొన్నవి.

నేడు వదంతి తంతికంటె వడిగా పరుగెత్తుచున్నది. కర్నూలు పరీక్ష జరిగి నెల తిరుగకమునుపే, మే 7వ తేదీన, ఆపరేషన్ సిందూరు మొదలయ్యెను. పాకిస్తాను అణుసామగ్రి దాచినదని చెప్పబడు కిరానా కొండలపై మనవారు దాడి చేసిరనియు, అణుధార్మికత వెలువడెననియు పుకారు చెలరేగెను. మే 12వ తేదీన ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి దాడిమాటను ఖండించెను. ఎచ్చటను అణుధార్మికత వెలువడలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థయు తెలిపెను. ఈలోపున ఆ పుకారును నమ్మి ఎదుటి సేనాని తొందరపడియుండినచో, ఏ లేజరు మనలను కాచియుండును? పైగా కరాచీ రేవు ధ్వంసమైనదని మన వార్తాచానెళ్లే కొన్ని చాటినవి. ఇది దేశభక్తి కాదు. సొంత సైన్యపు మాటకు విలువ తీయుటయే.

వదంతికి విఱుగుడు సత్వర సత్యకథనము. అది యుద్ధదినమున హఠాత్తుగా అలవడునది కాదు. శాంతికాలముననే సాధన చేయవలయును. కర్నూలు నుండి కడపకు వత్తము. తుమ్మలపల్లె యురేనియపు గని చుట్టుపట్ల రైతులు, వ్యర్థపు చెరువు మూలమున బోరునీరు చెడినదని ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనిరి. 1988 నాటి ఒడంబడిక ననుసరించి భారత పాకిస్తానులు ఏటేట జనవరి 1వ తేదీన తమ అణుకేంద్రముల పట్టికలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. పగవానికి పట్టిక నందించు ప్రభుత్వము, పల్లెవాని బోరునీటి పరీక్షాఫలితమును ప్రతి మాసమును తెలుగున అచ్చువేయించి పంచాయతీ గోడపై అంటింపవలదా?

నీటిని గూర్చి నిజము విన్న రైతు యుద్ధమును గూర్చియు ప్రభుత్వపు మాటనే నమ్మును. నమ్మకము లేనివాడు పుకారును నమ్మును. ఆ పుకారే సరిహద్దు దాటి శత్రువు చెవిని బడును. కర్నూలు కిరణమునకు వెచ్చించు శ్రద్ధలో కొంతయైన తుమ్మలపల్లె గోడపై కాగితమునకు వెచ్చింపుడని పాలకులను హెచ్చరించుచున్నాము.